పొట్టి ఆవులకు సగం రేటు

బాగా నడుస్తున్న అంగట్లో నా వాటాను తమ్ముడికి రాసిచ్చి, వచ్చిన డెబ్బై ఏడు వేలు పెట్టి కెమెరా కొన్న మొనగాణ్ణి నేను. మదనపల్లెలో టమోటా మండీకి పోయే దారిలో మా నాయన పెట్టిన కిరాణా అంగడి అది. ఆ వీధిలో ఇంత దర్జాగా నష్టపోయినవాడు ఇంకొకడు లేడు. ఏడాది పాటు కొండల్నీ గుట్టల్నీ ఫోటోలు తీశాను. కొండలు కదలకుండా బాగానే నిలబడతాయి. డబ్బులు మాత్రం ఒక్క కొండా ఇవ్వలేదు.

అప్పుడు కుప్పంలో ఒక కల్యాణమండపం ఓనరు భోజనాల హాలు గోడకు పటం అడిగాడు. "మన పక్క కొండ ఉండాల, మంచుండాల, ఆవులుండాల. ఆదివారం పెళ్ళికల్లా గోడ మీదుండాల." తొమ్మిది వేలకు కుదిరింది. ఇంట్లో నా భార్య షరతు వేరే. "ఇది కూడా పోతే కెమెరా అమ్మేసి, మీ తమ్ముడి అంగట్లో పొట్లాలు కట్టు." తమ్ముడి కింద పొట్లాలు! ఆ మాట తలచుకుంటే చాలు, అలారం లేకుండానే మెలకువ వచ్చేది.

పుంగనూరు దాటి పెద్దపంజాణి పోయే దారిలో ఒక బండగుట్ట ఉంది. చలికాలం పొద్దున్నే దాని కింద మంచు మీగడ కట్టినట్టు పరుచుకుంటుంది. మంగళవారం మంచుంది, ఆవుల్లేవు. బుధవారం ఆవులున్నాయి, మంచు లేదు. గురువారం రెండూ కలిసొచ్చాయి. నా నడుమెత్తు కూడా లేని నాలుగు పుంగనూరు ఆవుల్ని తోలుకుని ఒక అవ్వ చేని గట్టెక్కింది. నాకు ఒళ్ళు పులకరించింది.

"అవ్వా, ఆడనే రెండు నిమిషాలు నిలబడు. ఫోటో తీసుకుంటా."

"నాకా, ఆవులకా?"

"అందరికీ."

"ఎంతిస్తావు?"

అక్కడే నాలోని అంగడోడు నిద్ర లేచాడు. "యాభై."

"ఆవుకు యాభై. నాలుగుండాయి, రెండు నూర్లు."

"పొట్టి ఆవులు గదవ్వా, సగం రేటేసుకో."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వూ పొట్టోడివే గదప్పా. బస్సులో నీకు అర టికెట్టు ఇస్తాండారా?"

బోణీ బేరంలో చెప్పిన రేటు ఇస్తే మా నాయన ఆత్మ క్షోభిస్తుంది. ట్రైపాడు మడిచి, వెళ్ళిపోతున్నట్టు పది అడుగులు వేశాను. పిలుస్తారని మా అంగట్లో అందరూ వాడే ఎత్తు. పిలుపు రాలేదు. వెనక్కి తిరిగితే, అవ్వ కూడా అటు పది అడుగులు వేసి, నేను పిలుస్తానేమోనని అప్పుడే వెనక్కి తిరిగింది! ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నూటిరవైకి తెగింది. గెలిచిన ఊపులో ట్రైపాడు తెరిచి చూద్దును గదా, ఎండ నెత్తికెక్కింది. మంచు మాయం. ఎనభై రూపాయలు మిగుల్చుకుని తెల్లవారడాన్ని పోగొట్టుకున్నాను. వెలుతురుది ఒకటే రేటు. దాని ముందర పది అడుగులు వెనక్కి నడిస్తే అది పిలవదు.

అవ్వకు నవ్వీ నవ్వీ కళ్ళెంబడి నీళ్ళు. "రేపు రాప్పా. ఈ దుడ్లు రేపే ఇద్దువు."

శుక్రవారం పోగానే రెండు నూర్లు చేతిలో పెట్టాను. అవ్వ కంగారుపడింది. "బేరమాడకుండా ఇస్తాండావే, ఒళ్ళు బాగలేదా?" నూటిరవై తీసుకుని, "నిన్న తెగిన మాట తెగినట్టే," అని మిగతాది నా జేబులో కుక్కింది. మంచు ఎంత దట్టమంటే ఆవులు కనబడ్డం లేదు, వాటి గంటలు వినబడ్డం ఒక్కటే! ట్రైపాడు నిలబెట్టి కాచుకున్నాను. గాలి ఒక్కసారి తెర తీసింది. గట్టు మీద అవ్వ, నాలుగు ఆవులు, వెనక గుట్ట. రెండు క్లిక్కులు. మళ్ళీ మూసుకుంది. నేను ఆ చేన్లోనే గంతులేశాను. ఒక ఆవు భయపడి పక్కకు తప్పుకుంది.

శనివారం సాయంత్రం కుప్పంలో పటం విప్పాను. ఓనరు అటు చూసి, ఇటు చూసి అన్నాడు: "ఆవులు పొట్టిగుండాయే. రేటు తగ్గించప్పా."

నాకు నవ్వు పొంగుకొచ్చింది. బస్సు టికెట్టు మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆయన ఆరడుగుల మనిషి. "అన్నా, పొట్టి ఆవైతే పాలు పొట్టిగుంటాయా?" అన్నాను. ఆయన పకపకా నవ్వి తొమ్మిది వేలూ లెక్కపెట్టాడు.

ఇంటికొచ్చి నా భార్య ముందు ఉన్నదున్నట్టు లెక్క చెప్పాను. ప్రింటు, ఫ్రేము నాలుగు వేల ఎనిమిది నూర్లు. పెట్రోలు పద్దెనిమిది నూర్లు. అవ్వకు నూటిరవై. అవ్వ ఇంటికని చేయించిన చిన్న పటం రెండు నూర్ల యాభై. ఇడ్లీ, టీ తొంభై. మిగిలింది పంతొమ్మిది నూర్ల నలభై. పొట్లాలు కట్టడం తప్పింది గానీ, కెమెరా డబ్బులు తిరిగి రావాలంటే ఇంకా ముప్పై తొమ్మిది గోడలు కావాలి.