ఆంజనేయులు కొబ్బరిచెట్టు

దోర్నాల దాటాక మా మార్కాపురం బస్సుకు టైరు పంచరైంది. అందరితోపాటు దిగి, సీసాలో నీళ్లతో నోరు పుక్కిలిస్తున్నాను. ఇంతలో నా గడ్డం కిందికి ఒక నల్ల పాలిథిన్ సంచి వచ్చింది. అందులో దానిమ్మ మొక్క.

"అన్నా, ఇందులో ఉమ్మెయ్. రోడ్డుకు దాహం లేదు."

వరసకు తమ్ముడైన ఆంజనేయులు ఆరేళ్ల తర్వాత నన్ను పలకరించిన తీరు అది. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి రాజకీయాల పిచ్చి. ఇతనికి ఒక్కటే: ఏ నీళ్లనూ ఒక్కసారి వాడి పారబోయకూడదు. నేను కాళ్లు అరిగేలా ఊళ్లు తిరిగినవాణ్ణి, ఎడారుల మీద లావుపాటి పుస్తకాలు చదివినవాణ్ణి. ఒంటెకు కూడా ఇంత పట్టింపు ఉంటుందని ఎక్కడా రాయలేదు.

పిచ్చికి కారణం లేకపోలేదు. ముప్పై ఏళ్లు బోరు మోటార్లు దించడం, తీయడం అతని పని. మొదట్లో రెండు వందల అడుగుల్లో దించేవాడు, మానేసేనాటికి తొమ్మిది వందలు. "ఏటా ఒక పైపు ఎక్కువ అన్నా. బిగించినప్పుడల్లా గుండె జారేది. ఇంకెంత లోతుకని పోతాం?" అన్నాడు బస్సులో. మొక్కను ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి ఆకాశాన్ని అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

ఆ రాత్రికి మార్కాపురంలో వాళ్లింట్లోనే ఆగాను. పెరట్లో ప్రతి మొక్క మొదట్లోనూ పలకల ఫ్యాక్టరీవాళ్లు పారేసిన రాతి ముక్కలు పరిచి ఉన్నాయి, తడి ఆరకుండా. నడుమ స్నానానికి ఒక పెద్ద బండ, దాని చుట్టూ కాలువలు. తెల్లవారగానే ఆంజనేయులు నన్ను కిందికీ పైకీ కొలిచి చూశాడు.

"నువ్వు నిమ్మచెట్టు అన్నా."

"అంటే?"

"నీ నీళ్లు నిమ్మకు. మా బామ్మర్ది రమణ ఒళ్లున్న మనిషి, వానిది మామిడి. వాళ్ల పిల్లోడు కరివేపాకు. సబ్బు పెట్టవాక, నిమ్మకు పడదు. ఇదో, సున్నిపిండి."

అరబకెట్టుతో స్నానం మొదలుపెట్టాను. చెంబు ఎత్తినప్పుడల్లా అతని చూపు చెంబుతోపాటు ఎత్తుకు లేచి, నీళ్లతోపాటు కాలువలోకి దిగేది. వీపు సరిగ్గా తడవకపోయినా చెప్పడానికి భయమేసింది.

గోడ దగ్గర పలకల దిమ్మె మీద రెండు డ్రమ్ములున్నాయి. రెండోదాని నుంచి ఒక పైపు గోడ మీదిదాకా పోయింది.

"అదెక్కడికి?"

"కొబ్బరిచెట్టుకు. అవతల పెట్టినాలే," అంటూ ముఖం తిప్పుకున్నాడు.

అతని భార్య వెంకటసుబ్బులమ్మ వంటింట్లోంచే అందుకుంది. "నాలుగు దినాలకు ఒక డ్రమ్ము తాగుతాది బావా ఆ చెట్టు. ఇంతవరకు ఒక్క పిందె లేదు. మూడో దినానికల్లా మేము నాలుక తడుపుకోను లేదు."

ఈ ఎండాకాలం ఊళ్లో బోర్లన్నీ మూలపడ్డాయి. నాలుగు రోజులకోసారి పొద్దున పదింటికి ట్యాంకరు వస్తుంది. ఇంటికి రెండు డ్రమ్ములు. వాకిట్లో మనిషి లేకపోతే నీళ్లూ లేవు. ఈరోజే ట్యాంకరు రోజు.

పక్కింటి దయామణి పలకల ఫ్యాక్టరీకి పోతూ గోడ దగ్గర ఆగింది. "అన్నా, ఆ ట్యాంకరాయన దేవుడసుమంటి మనిషి. మేము బయటికి రాకున్నా డ్రమ్ము నింపి పోతాడు."

"ఆ... మంచోడే," అన్నాడు ఆంజనేయులు, కషాయం మింగినట్లు.

పది దాటింది. పదకొండు దాటింది. మొదటి డ్రమ్ములో నాలుగు వేళ్ల నీళ్లు, రెండోది ఖాళీ. ట్రాక్టరు చప్పుడు వినిపించినప్పుడల్లా ఆంజనేయులు సందు చివరికి పరుగెత్తాడు. ఒకసారి వరిగడ్డి, ఒకసారి పెళ్లి కుర్చీలు. "రాకుంటే ఎట్ల అన్నా? ఆ చెట్టు తట్టుకోలేదు," అంటాడు, మళ్లీ పరుగెత్తుతాడు.

ఇంత బెంగ పెట్టిన చెట్టును చూద్దామని, అతను అటు వెళ్లగానే నేను స్నానపు బండ మీదికెక్కి గోడ అవతలికి చూశాను.

కొబ్బరిచెట్టు లేదు. కొబ్బరి మట్ట కూడా లేదు. గోడకు ఆనుకుని దయామణి వాకిట్లో నీలం డ్రమ్ము ఒకటి, మూతికి గుడ్డ కట్టి ఉంది. తీగ మీద చిన్న చిన్న పొత్తిగుడ్డలు. పురిటికొచ్చిన ఆమె కూతురు ఫెబీ గడపలో కూర్చుని, ఖాళీ బిందెనూ ఒళ్లో పసిబిడ్డనూ మార్చి మార్చి చూస్తోంది. తల్లి కూలికి, కూతురు పచ్చి బాలింత. ట్యాంకరు దగ్గర తోపులాటకు ఎవరొస్తారు? నేను చప్పుడు చేయకుండా దిగాను.

పన్నెండున్నరకు ట్యాంకరు వచ్చింది. "ఈ దినం ఇంటికి ఒకటే డ్రమ్ము," అన్నాడు డ్రైవరు. వీధంతా తగాదా. తాడు తెగి మోటారు బోరులో పడిపోతే బోరు మేస్త్రీ ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. దిమ్మె మీద ఒక్క డ్రమ్మే నిండాక, ఆంజనేయులు గోడ వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఏంది చూస్తావు?" వెంకటసుబ్బులమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పైపు వెయ్. సగం ఇక్కడ ఆపు, సగం అటు వదులు. ఆ చెట్టుకు బిడ్డపుట్టి తొమ్మిది దినాలు."

"నీకు... తెలుసా?"

"ఆ డ్రమ్ముకు కట్టింది నా పాత చీరె. దోమలు గుడ్లు పెడతాయని కూడా లేకుండా పోస్తివి. ఈ నాలుగు దినాలూ విస్తరాకుల్లో తిందాం, అంట్లు ఉండవు. బావా, నువ్వేమీ అనుకోవాక, నిమ్మచెట్టుకు సెలవు."

ఫెబీ లోపలికి పోయేదాకా ఆగి, ఆంజనేయులు పైపు వేశాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఒక మనిషి తగ్గితే ఒక బిందె మిగులుతుందని ఆ మధ్యాహ్నమే బయల్దేరాను. ఉండమని మాటవరసకైనా అనకుండా బస్టాండు దాకా వచ్చాడు. ఎదురుగా ఏదో ఆఫీసు ఏసీ పైపులోంచి చుక్కలు కారుతున్నాయి.

"ఒక మాట ఆంజనేయులూ. దయామణికి నిజం చెప్పేయరాదూ? పుణ్యమంతా ఆ ట్యాంకరతను..."

అతను నా చేతిలోని సీసా లాక్కున్నాడు. అందులో మిగిలిన గుక్కెడూ నాతో తాగించి, ఆ పైపు కేసి నడిచాడు. సీసా చుక్కల కింద పట్టుకుని, నిండాక మూత బిగించి, ఇంటిదారి పట్టాడు. నా బస్సు కదిలినా వెనక్కి తిరగలేదు.

ఆ సీసా ఏ చెట్టుకు పోయిందో నాకు తెలియదు. నేను గిద్దలూరు దాకా దాహంతోనే పోయాను.