దొరగారి రాతికి గంట్లు కొట్టిన వైనం

తన గొయ్యి తానే తవ్వుకున్నాడంటారు. నేను తవ్వుకోలేదు, చెక్కుకున్నాను. అదీ ఉలితో, శ్రద్ధగా, ఒక పూటంతా. చెబుతాను, నవ్వుకోండి గానీ మా ఆవిడకు మాత్రం మళ్లీ గుర్తు చేయకండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మలయా దేశంలో, ఇపో పట్నానికి దక్షిణాన ఒక తోటలో పాల కోసం రబ్బరు చెట్లు గీసేవాణ్ణి. మా తోట దొరది ఐర్లాండు. తమిళం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఆయన గదిలో వాళ్ల దేశపు ఫోటో ఒకటుండేది: పెద్ద మట్టిదిబ్బ, లోపలికి రాతి దారి, దాని చివర సమాధి గది, వాకిట్లో మూడు సుడులు చెక్కిన బండ. వేల ఏళ్లనాటిదని మురిసిపోయేవాడు. ఒకరోజు మా తోట చివర కూడా పాత రాతి సమాధి బయటపడింది. మూతబండ మీద రెండు సుడులు కనీకనపడకుండా ఉన్నాయి. చూడటానికి కౌలాలంపూర్ నుంచి ఒక పురావస్తు పండితుడు బయలుదేరాడు.

"అప్పలసామీ, రాయి శుభ్రంగా తోము. పండితుడు మెచ్చితే దానికి నువ్వే కాపలా. ఇక చెట్లు గీయక్కర్లేదు," అన్నాడు దొర.

నీడలో కూర్చుని జీతం! చీకటితో లేచి దోమల మధ్య చెట్లు గీసే నాకు ఇంతకంటే ఏం కావాలి? తోమాను. ఎంత తోమినా సుడులు తేలలేదు. మా నాన్న శ్రీకాకుళం వైపు ఊరూరా తిరిగి, అరిగిన రోళ్లకు ఉలితో గంట్లు కొట్టి గరుకు చేసేవాడు. అరిగిన రాయి కనపడితే మా వంశంలో ఎవరి చేయీ ఊరుకోదు. ఇంటికి వెళ్లి ఉలీ సుత్తీ తీశాను.

"దొర తోమమన్నాడు గానీ గంట్లెట్టమన్నాడేటి మావా?" అంది మా ఆవిడ నరసమ్మ.

"అరిగిన రోలు తోమితే పప్పు నలుగుతాదేటే? నీకు తెల్దు, ఊరుకో లా!" అన్నాను, మాట చివర మలయా వాళ్ల "లా" తగిలించి.

సాయంత్రానికి రెండు సుడులూ నవనవలాడాయి. ఫోటోలో మూడు కదా, మన రాతికి లోటెందుకని పక్కన మూడోదీ కొట్టాను. పని అయ్యాక నూనె, మట్టి కలిపి రుద్దడం మా ఇంటి పద్ధతి. అదీ చేశాను, కొత్త గంట్లు పాత రాతిలో కలిసిపోయాయి.

మర్నాడు పండితుడు బండను చూసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఇంగ్లీషులో గడగడా ఏదో అన్నాడు. దొర కళ్లు చెమర్చాయి.

"అచ్చం మా దేశపు రాయేనట! మా పూర్వీకులు ఓడలెక్కి ఇక్కడిదాకా వచ్చారట! పుస్తకం రాస్తాడట!" అన్నాడు నా భుజం పట్టుకుని.

కాపలా పని చేతికొచ్చినట్టే. నేను నోరు మూసుకుంటే చాలు. ఇంతలో పండితుడు మూడో సుడిని నిమురుతూ నిట్టూర్చాడు.

"ఏటంతన్నారు దొరా?"

"ఇంత గొప్ప పనివాడి పేరు లోకానికి తెలియకుండా పోయిందే అని బాధపడుతున్నాడు."

ఊరకున్నంత ఉత్తమం లేదంటారు. ఆ మాటన్నవాణ్ణి జన్మలో ఎవరూ మెచ్చుకుని ఉండరు.

"బాధెందుకు దొరా? నా పేరు సెప్పండి! నిన్న మద్దేనం నేనే సేసినాను. కావాలంటే ఇంకోటి కొట్టేత్తాను, అటేపు జాగా ఉంది!"

ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చడానికి దొరకు చాలాసేపు పట్టింది. పండితుడు టోపీ పెట్టుకుని కారెక్కాడు. దొర నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ముఖం చూస్తే సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు మళ్లీ దోమలూ నేనూ.

మూడు నెలల దాకా దొర నాతో మాట్లాడలేదు. ఒక ఉదయం నా చెట్టు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, "మూడోది మిగతా రెంటికంటే బాగుంది," అని వెళ్లిపోయాడు.

ఆనాడే చెట్లు గీసే పాలకత్తి మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. నాకంటే వయసులో చిన్నదని రుజువయ్యేదాకా ఏ రాతి మీదా ఉలి పెట్టను. ఒకవేళ పెట్టినా, పేరు చెప్పను.