శుక్రవారం అక్క

మొన్న ఈ గల్ఫు దేశంలో, సాల్మియా బజారులో ఒక బొమ్మల కొట్లో ఎవరో పాప చెక్కపెట్టె మీది ఇనుప రేకులను బొటనవేళ్లతో మీటింది. సగం కుదిరిన బేరం వదిలేసి బయటికొచ్చాను. కడపలో మా నాన్న కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. అలా లేచిరావడం మా ఇంటా వంటా లేదు.

మూడేళ్ల కిందట మహబూలాలో మా పక్కగదిలో నైజీరియా నుంచి వచ్చిన ఒక ఇగ్బో మనిషి ఉండేవారు. వారమంతా ప్యాంటూ చొక్కాతో షర్క్ చేపల మార్కెట్లో పెట్టెలు మోసేవారు. అప్పుడు అన్నా అనేదాన్ని. శుక్రవారం తలుపేసుకుని, రంగుల గుడ్డ చుట్టుకుని, పూసలు వేసుకుని, మొహానికి తెల్లసుద్ద పూసుకుని అలాంటి రేకుల పెట్టె మీటుతూ పాడేవారు; అప్పుడు అక్కా. రెండింటికీ నవ్వుతూ పలికేవారు. వాళ్ల ఊరి నదీదేవత నదమ్మ పిలిచి, పాటతో జబ్బులు దించమందట. ఎల్లమ్మ జాతరలో చీర కట్టే జోగప్పలను చూసినదాన్ని కనుక నాకు వింత అనిపించలేదు, భయమే వేసింది. మగవాడు ఆడవేషం కడితే పట్టుకుపోయే ఈ దేశంలో ఆ వేషం ఎవరి కంటైనా పడితే?

అయినా ఒక శుక్రవారం నేనే మా గదికి పిలిచాను. ఇంటిపని చేసే మా చెల్లెలు స్టోరు గదిలో ఒక పూటంతా ఇరుక్కుపోయి, బయటికొచ్చేసరికి మాట పోగొట్టుకుంది. ఆదివారానికి నోరు విప్పకపోతే ఊరికి పంపేస్తానంది వాళ్ల యజమానురాలు.

"మొదలెడితే మధ్యలో ఆపను," అన్నారు శుక్రవారం అక్క.

ఎక్కువసేపు మోగితే ఎవరైనా వింటారని నా భయం, బేరమాడకుండా ఊరుకుంటానా? "సగం ఇప్పుడు, సగం రేపు పాడకూడదా అక్కా?"

"పాటేమన్నా గుడ్డముక్కా, కత్తిరించడానికి?"

పాట సగంలో మా గది తలుపు దబదబ మోగింది. బిల్డింగ్ కాపలావాడి గొంతు, వెనక ఇంకెవరిదో: "ఇఖామా! యల్లా!" నివాస కార్డుల తనిఖీ. అక్క సుద్ద మీదుగా చెమట కారుతోంది, వేళ్లు మాత్రం ఆగలేదు. నిజం చెప్పొద్దూ, నాకు నా ఇఖామాయే గుర్తొచ్చింది. వెళ్లి ఆ రెండు బొటనవేళ్లూ గట్టిగా పట్టుకున్నాను.

"ఇడ్సక్కా. పాడనీ."

మా చెల్లెలు! పదకొండు రోజుల తర్వాత!

వదిలాను. పాట గుసగుసలా సాగింది. మా ఇద్దరి కార్డులూ తీసుకుని తలుపు సందుకు అడ్డంగా నిలబడి, "లోపల అందరం ఆడోళ్లమే భాయ్," అన్నాను హిందీలో. వాళ్లు కార్డులు చూసి, పక్కగది తలుపు బాది, ఎవరూ పలక్కపోతే ఏదో రాసుకుని వెళ్లారు.

మరుసటి శుక్రవారానికి ఆ గది ఖాళీ. వెళ్లిపోయారో, పట్టుకుపోయారో, ఎవరినీ అడిగే ధైర్యం చేయలేదు. రోజులు గడిస్తే భయం పోతుందంటారు. నాది పోలేదు, ఆనాడు నా కోసం భయపడ్డాను, ఇప్పుడు ఆ మనిషి కోసం భయపడుతున్నాను. మూడేళ్లలో కాలం నాలో మార్చింది అంతే.