మామయ్య తిట్టని బ్యాక్‌హ్యాండ్

నా ఎడమ మణికట్టును ఎముకల డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, "టెన్నిస్ కావాలా, మణికట్టు కావాలా?" అని అడిగాడు. రెండూ కావాలన్నాను. "అయితే బ్యాక్‌హ్యాండ్ ఒంటి చేత్తో ఆడండి, ఎడమ చేతి జోలికి పోకండి" అన్నాడు. ఆయనకేం, చెప్పేసి ఊరుకున్నాడు. కాలేజీ రోజుల నుంచి బ్యాక్‌హ్యాండ్‌కు రెండు చేతులూ వాడినవాణ్ని. నలభై దాటాక ఇప్పుడు ఒక చెయ్యి తీసేయమంటే, రేపటి నుంచి ఎడమ చేత్తో అన్నం తినమన్నట్టే.

అయినా మొదట్లో నేను పెద్దగా బెంగపడలేదు. కారణం మా మామగారు. సికింద్రాబాద్‌లో వాళ్ల కాలనీ కోర్టులో రోజూ పొద్దున్నే ఆయనా నేనూ జంటగా డబుల్స్ ఆడతాం. కాప్రా నుంచి స్కూటర్ మీద వెళ్లి ఆడి, మళ్లీ ఇంటికొచ్చి స్నానం చేసి, బేగంపేటలో ఆఫీసుకు పరిగెడతాను. మామగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై దగ్గర పడుతున్నా ఆయన ఒంటి చేతి బ్యాక్‌హ్యాండ్ కొడుతుంటే బెంచీ మీదివాళ్లు కబుర్లు ఆపి చూస్తారు. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ అంటే ఆయనకు ముందు నుంచీ గిట్టదు. అలాంటి మనిషి పక్కనే ఉండగా వేరే గురువు ఎందుకనుకున్నాను. ఆయన నాకు పిల్లనిచ్చిన మామ అన్న సంగతి ఆ సంబరంలో తట్టలేదు.

ఒంటి చేతి బ్యాక్‌హ్యాండ్ చూడటానికి హాయిగా ఉంటుంది. కొట్టేవాడికి మాత్రం అందులో హాయి ఏమీ లేదు. రెండు చేతులున్నప్పుడు బంతి మీదికొచ్చేదాకా ఆగినా ఎలాగోలా నెట్టేయొచ్చు. ఒక్క చేతికి ఆ వెసులుబాటు లేదు. భుజం ముందే తిరగాలి, బంతిని ఒంటికి ముందే అందుకోవాలి. కాస్త ఆలస్యమైతే అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. నావి కొన్ని నెట్‌లో పడ్డాయి, కొన్ని ఫెన్సింగ్ దాటి పక్క అపార్ట్‌మెంట్ కార్ల మీదకు పోయాయి. అక్కడి వాచ్‌మన్ నన్ను చూస్తే చాలు, గేటు దగ్గరికొచ్చి నిలబడేవాడు. ఇక భుజం ఎత్తున వచ్చే బంతుల సంగతి అడగొద్దు.

ప్రతిసారీ మామగారిది ఒకటే మాట. "ఏం కాదు బాబూ. జెర గాలుంది."

గాలి! ఏప్రిల్ నెల, చెట్టు మీద ఆకు కదలడం లేదు.

మాతో రోజూ ఆడే పళ్ల డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన ఒక బంతి వదిలేస్తే మాత్రం మామగారు నెట్ ఇవతలి నుంచే కేకలు పెట్టేవారు. "ఏందయ్యా డాక్టర్, బాల్ వస్తుంటే బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్తవ్? కాళ్లు కదుపు!" డాక్టరు నవ్వుకుంటూ కాళ్లు కదిపేవాడు. నాలుగు రోజులకే ఆయన ఆట మెరుగుపడేది. మామగారి నోటికి ఆ కోర్టులో అందరూ బలయ్యారు, బాగుపడ్డారు కూడా. నేనొక్కణ్నే మర్యాదలో మగ్గిపోయాను. ఒకసారి నేను కొట్టిన బంతి సరాసరి నెట్ దగ్గరున్న ఆయన వీపుకే తగిలింది. వెనక్కి తిరిగి, వీపు రుద్దుకుంటూ, "స్పీడ్ మంచిగొస్తుంది బాబూ" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పోనీ ఆయన మనసులో నిజంగానే ఏమీ లేదా అంటే, అదీ కాదు. సాయంత్రమయ్యేసరికి కూతురికి ఫోను వెళ్లేది. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి మా ఆవిడ వంటింట్లో చపాతీలు ఒత్తుతూ తయారుగా ఉండేది.

"డాడీ ఫోన్ చేసిండు. నువ్వు భుజం తిప్పుతలేవంట. మోచెయ్యి ముందుకొస్తుందంట."

"పొద్దున పక్కనే ఉన్నారు కదా. ఆ ముక్క నాతో అంటే ఏం పోయింది?"

"అల్లునివి. నిన్నెట్ల అంటడు?"

"మరి నీకెందుకు చెప్పడం?"

"నాకు చెప్పకుంటే ఆయనకు నిద్ర పట్టది."

బ్యాక్‌హ్యాండ్‌ను వంటింట్లో నిలబడి నేర్చుకున్న మనిషి ఈ జంటనగరాల్లో నేనొక్కణ్నే అయి ఉంటాను. పొద్దున చేసిన తప్పు సాయంత్రం తెలిస్తే ఏం లాభం? అప్పటికి ఆయన ఏ బంతి గురించి చెబుతున్నారో కూడా గుర్తుండేది కాదు. ఒకరోజు నాకేమీ బోధపడటం లేదని విసుక్కుంటే, ఆమె చపాతీ కర్ర పట్టుకుని చేసి చూపించింది. కుడి కాలు ముందుకు పడింది, భుజం నిండుగా తిరిగింది, చెయ్యి కింది నుంచి పైకి లేస్తుంటే ఎడమ చెయ్యి వెనక్కి విచ్చుకుంది. అచ్చం వాళ్ల నాన్నే. నేను నోరు తెరిచి నిలబడ్డాను. ఆమె చిన్నప్పుడు ఆడేదని విన్నాను గానీ, ఇన్నేళ్ల కాపురంలో ఇంత ఆట ఉందని నాకు తెలియదు.

"మరి మానేశావెందుకు?" అన్నాను.

"చదువులు గిట్ల... టైం లేకుండె" అంటూ మళ్లీ చపాతీల పనిలో పడింది.

అసలు బాధ నా బ్యాక్‌హ్యాండ్ ఒక్కటే అయితే సర్దుకునేవాణ్నే. మా కోర్టులో ఓడిన జంట తప్పుకోవాలి, బెంచీ మీద కాచుకున్న జంట దిగాలి. ఇదివరకు మేం దిగామంటే మమ్మల్ని కదిలించడం కష్టంగా ఉండేది. ఇప్పుడు అందరూ నా బ్యాక్‌హ్యాండ్ వైపే కొట్టి, మమ్మల్ని చిటికెలో సాగనంపుతున్నారు. మామగారికి రోజంతటికీ ఆ కాస్త ఆటే పండగ. తెల్లవారకముందే బూట్లు వేసుకుని కూర్చుంటారని అత్తయ్య చెబుతుంది. మోకాళ్లు ఇంకెన్నాళ్లు మాట వింటాయో తెలియదు. అలాంటి మనిషి నా పుణ్యమా అని బెంచీ మీద కూర్చుని, ఎవరెవరో ఆడుతుంటే చూస్తూ, "ఇయ్యాల ఎండ తక్కువుంది బాబూ" అని నన్ను ఊరడించేవారు. నాకు ఒళ్లంతా చిరచిరలాడేది. అరిచేసినా బాగుండేది.

ఒక ఆదివారం చివరి పాయింటు కూడా నా బ్యాక్‌హ్యాండే ముంచింది. బంతి నెట్ నడిమధ్యకు పోయింది. బెంచీ మీద కూర్చున్నాక మామగారు, "నెట్ జెర ఎత్తు పెట్టినట్టుండ్రు బాబూ" అన్నారు. నా ఓపిక అక్కడితో అయిపోయింది.

"మామయ్యా, రేపటి నుంచి మీరు డాక్టర్‌గారితో ఆడండి. నా వల్ల మీ ఆట పాడవుతోంది."

"అట్లెట్ల? మరి మీరు?"

"గోడకేసి కొట్టుకుంటాను."

"వద్దు వద్దు. గట్లయితే నాలుగు రోజులకు రావుడే బంద్ చేస్తరు."

"అయితే తిట్టండి! అందర్నీ తిడతారు కదా, నన్నెందుకు తిట్టరు? నేనేం పాపం చేశాను?"

నా గొంతు ఎంత లేచిందంటే, బెంచీ చివర పళ్ల డాక్టరు కట్టి ఉన్న బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. మామగారు తల వంచుకుని రాకెట్ గ్రిప్‌ను బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నారు.

"మా బిడ్డకు నేనే నేర్పిన" అన్నారు. "రాకెట్ ఎత్తరానప్పుడే షురూ చేసిన. మస్తు ఆడేది బాబూ. అంత మంచి చెయ్యి నేను ఏ పిల్లలకు చూడలే. నాకేమో ఇంక మంచిగ ఆడాలె, ఇంక మంచిగ ఆడాలె అని ఒకటే పిచ్చి. అందరి ముంగట తిట్టేటోన్ని. ఒకనాడు ఆట నడుమ రాకెట్ తెచ్చి నా చేతుల పెట్టి, ఒక్క మాట అనకుంట ఇంటికి పోయింది. గంతే. మళ్ల ఈ గేటు లోపటికి రాలే."

చదువులు, టైం లేకపోవడం అని ఆమె చెప్పిన మాట నా నాలుక చివరదాకా వచ్చింది. మింగేశాను.

"పెండ్లైనంక మీరు రాకెట్ తీస్కొని వచ్చిండ్రు. ఇంట్ల ఒక్కరన్న నాతోని ఆడుతరని మస్తు ఖుషీ అయింది. మిమ్మల్ని సుత పోగొట్టుకోవాల్నా?"

"నేను చిన్నపిల్లాణ్ని కాను మామయ్యా. మానెయ్యను. తిట్టి చూడండి."

కోర్టు ఖాళీ అయ్యేదాకా ఆగాం. ఆయన బంతుల బుట్ట తీసుకుని నెట్ అవతల నిలబడి ఒక్కొక్కటే నా బ్యాక్‌హ్యాండ్‌కు వదిలారు. మొదట మొహమాటపడ్డారు. తర్వాత పాత అలవాటు పూనకంలా వచ్చింది. "భుజమేది? ఇంట్ల మర్చిపోయి వచ్చినవా?" "చెయ్యి నీదేనా, కిరాయికి తెచ్చుకున్నవా?" "ఏందది, దోమల్ని కొడ్తున్నవా?" కావాలని అడిగింది నేనే. అయినా నిజం చెప్పొద్దూ, అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఫీసులో నన్ను ఇలా అనే మొనగాడు లేడు. ఆ పళ్ల డాక్టరు ఇదంతా నవ్వుతూ ఎలా పడ్డాడో దేవుడికే తెలియాలి.

ఇంకో బంతి ఫెన్సింగ్ దాటింది. "నా బిడ్డ పిల్లప్పుడే ఇంతకన్న మంచిగ కొట్టేది!" అన్నారు.

రాకెట్ సంచిలో పడేసి, గేటు దాటి, స్కూటర్ దగ్గరికి వెళ్లి తాళం పెట్టాను. మానెయ్యను అన్న మాట అప్పుడు గుర్తుకే రాలేదు. స్టాండ్ తీస్తూ ఎందుకో వెనక్కి చూశాను. ఆయన నెట్ దగ్గర అలాగే ఉన్నారు, వదలబోయిన బంతి చేతిలోనే ఉంది. పిలవలేదు. ఆ ముఖంలో కోపం లేదు, ఇలాగే అవుతుందని ముందే తెలిసిన మనిషి ముఖంలా ఉంది. నాకు సిగ్గేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

డిక్కీ తెరిచి నీళ్ల సీసా తీసుకుని లోపలికి నడిచాను.

"సీసా బండిలో మర్చిపోయాను మామయ్యా" అన్నాను. అందులో చుక్క నీళ్లు లేవు. అయినా పైకెత్తి తాగినట్టు నటించి, పక్కన పెట్టి, రాకెట్ తీసి నా చోట నిలబడ్డాను.

ఆయన బంతి వదిలారు. నేను కొట్టాను. నెట్‌కు తగిలి అక్కడే పడింది.

"భుజం... జెర తిప్పండి బాబూ" అన్నారు, గాలికి కూడా నొప్పి కలగనంత మెల్లగా.

"వినపడలేదు మామయ్యా" అన్నాను. "గట్టిగా చెప్పండి."