ఆరు ఎలుకలకూ బొట్టు

నా పరిశోధనను ఒక శుక్రవారం చిటికెడు కుంకుమ ముంచేసిందంటే మీరు నమ్మరు. మా బంధువులూ నమ్మలేదు. అందుకే నలభై ఏళ్లుగా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉన్నాను. తప్పు నాది కాదని మొదటి ముప్పై ఏళ్లూ వాదించాను. ఇప్పుడు కొంచెం నాదేనని ఒప్పుకుంటున్నాను. ఆ కొంచెం ఎంతో మీరే తేల్చండి.

డెబ్భైల చివర్లో నేను మండపేట దగ్గర ఒక కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్ని. పీహెచ్‌డీ చేయాలని పట్టుదల. గేదెలకు జోరీగలు కుట్టడం వల్ల వచ్చే సర్రా జబ్బును పట్టుకున్నాను. ఆ జబ్బు తెచ్చే ట్రిపనోసోమా అనే సూక్ష్మజీవి రక్తంలో మెలికలు తిరుగుతూ ఈదుతుంది. దాని మైటోకాండ్రియాలోని డీఎన్ఏ అంతా ఒకచోట ముద్దగా చేరి, రంగు వేసి చూస్తే ఊదా చుక్కలా కనిపిస్తుంది. నిజానికి అది చుక్క కాదు, వేల ఉంగరాలు ఒకదాన్లో ఒకటి దూరి అల్లుకున్న వల. అలాంటి వల గేదెలో లేదు, మీలో లేదు, మా కాలేజీ స్టోర్ కీపర్లో కూడా లేదు. కాబట్టి ఆ వలను తెంపే మందు దొరికితే పురుగు చస్తుంది, గేదె బతుకుతుంది. ఇదీ నా సిద్ధాంతం.

ఒక సోమవారం జబ్బు గేదె రక్తాన్ని ఆరు తెల్ల ఎలుకలకు ఎక్కించాను. మూడింటికి మందు, మూడింటికి లేదు. ఆ శనివారం యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ గారు వచ్చి స్లైడులు చూస్తారు. నచ్చితే నా రిజిస్ట్రేషన్ కాగితం మీద సంతకం, లేకపోతే నా బతుకంతా డెమాన్‌స్ట్రేటరే. మళ్లీ మొదలుపెడదామంటే ఆ గేదె అప్పటికే పశువుల డాక్టరు గారి సూదికి కోలుకుని గడ్డి మేస్తోంది. నా మీద జాలితో ఇంకోసారి జబ్బు తెచ్చుకునే రకం కాదది.

కాలేజీలో ఎలుకలకు చోటివ్వలేదు. నా అద్దె గదిలో, ఉన్న ఒక్క పంజరంలోనే ఆరింటినీ పెట్టాను. మందు పడ్డవాటికి గుర్తుగా పసుపుపచ్చటి పిక్రిక్ ఆమ్లం పూయాలి. అది కావాలని స్టోర్‌కి ఇండెంట్ కాగితం పెట్టి నాలుగు నెలలైంది. స్టోర్ కీపర్ "చూద్దాం లెండి" అన్నాడు. ఆయన ఇంకా చూస్తూనే ఉండాలి. చేసేది లేక మందు పడ్డ మూడింటికీ రోజూ పొద్దున్నే కొబ్బరినూనెతో కుంకుమ బొట్టు పెట్టేవాణ్ని.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు సూర్యకాంతమ్మగారు. బజార్లో కిరాణా కొట్టు వాళ్లాయనది. నేను ఎలుకలకు బొట్టు పెట్టడం కిటికీలోంచి చూసి ఆవిడకు నా మీద భక్తి పుట్టింది. ఆ సంగతి నాకు తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి ఆరు ఎలుకలూ పేరంటానికి బయల్దేరినట్టున్నాయి. ఆరింటికీ గుండ్రటి బొట్లు.

"పిన్నిగారూ, ఇదేంటండీ?"

"ఏం లేదు బాబూ, శుక్రవారం కదా. నువ్వు మూడింటికే పెట్టి వదిలేశావు. మిగతావి బోసి మొహాలేసుకుని చూస్తుంటే ప్రాణం ఒప్పలేదు."

"నేను పెట్టినవి వంకరగా ఉంటాయి కదండీ. అన్నీ గుండ్రంగా ఉన్నాయేంటి?"

"వంకరగా ఉన్నాయనే తుడిచేసి మళ్లీ పెట్టాను."

"అవి మగ ఎలుకలండీ."

"వినాయకుడి బండికి ఆడేంటి, మగేంటి."

"నా పరిశోధన పోయిందండీ."

"బొట్టు పెడితే పోయేదేం పరిశోధన నాయనా? అది కాదు, నేను చెప్పేది విను."

"మీరేం చెప్పొద్దండీ."

తలుపేసుకున్నాను. ఆవిడ పంపిన చక్రపొంగలి తిన్నాను గానీ మాట్లాడలేదు. నేను అలిగితే అన్నం మీద అలగను, మనుషుల మీదే అలుగుతాను.

ఎలుకల తోకల మీద సిరాతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాను. ఆ బుద్ధి సోమవారమే ఉండాల్సిందని మీరంటారు. ప్రొఫెసర్ గారూ అదే అన్నారు. రక్తం తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పురుగులు ఆరింటిలోనూ ఉన్నాయి. చుక్క మూడింటిలో ఉంది, మూడింటిలో లేదు. నా ప్రాణం లేచొచ్చింది. చుక్క లేనివే మందు పడ్డవి, ఇంకేం కావాలి? చక్కగా పట్టిక గీశాను.

మర్నాడు ప్రొఫెసర్ గారు నా గదికే వచ్చి ఆ పట్టికను చాలాసేపు చూశారు.

"ఏవయ్యా, మూడుకి మూడూ సరిపోయాయే. మందు పడ్డవి ఏవో ఎలా గుర్తుపట్టావు?"

"చుక్క పోయిందండీ."

"చుక్క ఎందుకు పోయింది?"

"మందు పడిందండీ."

"పడిందని నీకెలా తెలుసు?"

"చుక్క పోయింది కదండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకూ ఎక్కడో తిరిగిన చోటే తిరుగుతున్నానని అనిపించింది, సర్రా వచ్చిన గేదె అలాగే తిరుగుతుంది. చివరికి బొట్ల సంగతి కక్కేశాను. అప్పుడే కాఫీ తెచ్చిన సూర్యకాంతమ్మగారిని ఆయన అడిగారు.

"అమ్మా, మీరు పెట్టకముందు బొట్టున్నవి ఏవో గుర్తున్నాయా?"

"గుర్తులేకేమండీ. ఆ చెవి చిరిగినది, ఆ తోక వంకరది, ఇదిగో ఈ బొద్దుది. చెబుతుంటే ఈ అబ్బాయి తలుపేసుకున్నాడు."

జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నాకు ఆరు ఎలుకలూ ఒకేలా కనిపించాయని మనవి. ఆవిడ చూపించినవి ఒకటి, రెండు, అయిదు. నా పట్టికలో మందు పడ్డవి ఒకటి, రెండు, నాలుగు.

"నాలుగోదానికి మందే పడలేదు," అన్నారు ప్రొఫెసర్ గారు. "అయినా చుక్క లేదు. పురుగు మాత్రం లక్షణంగా ఈదుతోంది. చుక్క లేకుండా బతికేదాన్ని, ఆ చుక్క మీద కొట్టి ఎలా చంపుతావయ్యా?"

"నా పట్టికలో అలా లేదండీ."

"నువ్వు ఉండనిస్తేగా. ఈ మొత్తంలో పనికొచ్చే ముక్క అదొక్కటే, దాన్నే సర్దేశావు."

సంతకం పెట్టారు. చుక్క లేకుండా ఆ పురుగు ఎలా బతుకుతోందో తేల్చమని విషయం మార్చి, ఎలుకల ఆనవాళ్లు సూర్యకాంతమ్మగారు చూసి చెబితేనే రాసుకోవాలని షరతు పెట్టి మరీ పెట్టారు. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు ఆవిడదే. మా నాన్నగారిది మూడోది. ఆవిడ వల్లే నేను డాక్టరునయ్యాననే మాట ఊరంతా అన్నారు. అన్నవాళ్లందరూ నాకు గుర్తే.

కాబట్టి పెద్దలందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి మీదైనా అలగాల్సి వస్తే, వాళ్లకు తెలిసినదంతా ముందే అడిగి, కాగితం మీద రాసుకుని, వాళ్ల చేత సంతకం పెట్టించుకుని, ఆ తర్వాతే అలుగుతాను.