తేనె రంగు తిరిగిన వెండి

పోయిన వారం మా మనవరాలు కాలేజీ నుంచి చిటికెన వేలంత సీసాలో పసుపుపచ్చని నీళ్లు తెచ్చి, ఇందులో వెండి ఉంది తాతా, నలుసులు కంటికి ఆనవు, వాటన్నిటినీ ఒకే సైజులో నిలపడానికే మూడు నెలలుగా తిప్పలు పడుతున్నానని చెప్పింది. నేను ఊరుకుంటానా? పోలీస్ యాక్షన్ రోజుల్లో, తిరుమలగిరి వైపు మిలిటరీ టాంకులు గడగడలాడిపోతుంటే, రాంగోపాల్‌పేట్ మందుల షాపులో ఇవే వెండి నీళ్లు ఒంటిచేత్తో తయారుచేసి ఒక పసివాడి చూపు నిలబెట్టానని చెప్పేశాను. ఆ పిల్ల నోరు తెరుచుకుని విన్నది. నమ్మేసిందే అని నాకే గుబులు పట్టుకుంది. కనీసం నా ఈడు వాళ్లకైనా నిజం చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

టాంకులను నేను చూడలేదు. లారీలు చూశాను, అవీ షాపు తలుపు సందులోంచి.

ఆ షాపులో నేను చిన్న కంపౌండర్ని. పెద్ద కంపౌండర్‌ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. కళ్లలో వేసే చుక్కల మందు అప్పట్లో షాపులోనే కలిపేవాళ్లం. డిస్టిల్డ్ వాటర్‌లో సిల్వర్ నైట్రేటు, తుమ్మబంక కరిగించి, కరక్కాయ కషాయం చుక్కచుక్కగా వదలాలి. చుక్కకీ చుక్కకీ మధ్య గాజు కడ్డీ ఏడు తిప్పులు తిరగాలన్నది ఉస్తాద్ లెక్క. నీళ్లు తేనె రంగు తిరిగితే వెండి సన్నగా విడినట్టు. బూడిద రంగుకు దిగితే నలుసులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలైనట్టు, అది కంట్లో వేస్తే ఇసుక పోసినట్టే. "జెర సబర్ చెయ్ బేటా, తొందరపెడితే వెండి గుంపు కడ్తది" అనేవాడు.

పోలీస్ యాక్షన్ ముగిసిన ఆ వారం ఉస్తాద్ షాపుకు రాలేదు. ఆయన ముసల్మాను, బజారులో మనిషిని మనిషి చూసే చూపు మారింది. ఆయన గడప దాటకపోవడమే మంచిదని మేమే కబురు పంపాం. ఇంతలో ఆయన ఇంటి నుంచి తిరుగు కబురు వచ్చింది. కూతురి బిడ్డకు తొమ్మిది రోజులు, కళ్లు చీముతో అతుక్కుపోయాయి, డాక్టరు చుక్కలు రాశాడు. ఆలస్యమైతే చూపు పోతుందని మాకు తెలుసు.

షాపులో మూడుసార్లకు సరిపడా సిల్వర్ నైట్రేటు మిగిలింది. మొదటిసారి లారీల చప్పుడు వింటూ కషాయం ధారగా పోశాను. అంట్లు తోమిన నీళ్లలా అయింది. దాంతో డిస్టిల్డ్ వాటర్ కూడా అయిపోయింది. ఏమవుతుందిలే అని రెండోసారి కుళాయి నీళ్లు పోశాను. వాటిలోని ఉప్పుకు అంతా తెల్లగా విరిగిపోయింది. మూడోసారికి ధైర్యం చాల్లేదు. బయట వాన పడుతోంది. కడిగిన పింగాణీ గిన్నె పెట్టి ఆ నీళ్లు పట్టుకుని, సరంజామా అంతా టిఫిన్ డబ్బాలో సర్దుకుని, రెండు గల్లీల అవతల ఉన్న ఉస్తాద్ ఇంటికి నడిచాను. ఒంటిచేత్తో అన్నది అక్కడే తేలిపోయింది.

ఎన్నిసార్లు పాడుచేశావని అడిగాడు. ఒక్కసారే అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చూశాడు. సిల్వర్ నైట్రేటు తగిలితే వేళ్లు నల్లబడతాయి కదా. "ఒక్కసారికే అయిదు వేళ్లు నల్లగైతయా? నీకన్నా నీ వేళ్లే నయం, అవి ఝూట్ చెప్తలేవు" అన్నాడు.

పక్క గదిలో బిడ్డ ఏడుస్తున్నాడు. ఉస్తాద్ చేతిలో చుక్క నిలవడం లేదు. వాన నీళ్లు వడగట్టి, కాచి చల్లార్చాక, కషాయం నేను వదిలాను, కడ్డీ నేను తిప్పాను, లెక్క ఆయన పెట్టాడు. ఏక్, దో అంటూ ఏడు దాకా, మళ్లీ ఏక్. నేను అయిదుకే చెయ్యి ఆపబోతే మోకాలి మీద ఒక్కటి వేసేవాడు. మధ్యాహ్నం నమాజు వేళకు గిన్నెలో తేనె రంగు తిరిగింది. నాలుగో రోజున బిడ్డ కళ్లు విప్పాడు.

ఇప్పుడు నలుసు ఎంతుందో మిషన్ నిమిషంలో చెబుతుందట, మంచిదే. చుక్కల మందు సీలు వేసిన సీసాల్లో వస్తోంది, షాపులో ఎవరూ ఏదీ కలపనక్కరలేదు. మనవడి చూపు నిలిచాక ఉస్తాద్ మళ్లీ పనిలోకి వచ్చాడు, నెల గడిచాక, నేను వెళ్లి వెంటబెట్టుకుని వస్తేనే. ఆ తరువాత చాలా ఏళ్లు పనిచేశాడు. కానీ ఆ రెండు గల్లీలూ ఆయన ఒక్కడే, మునుపటిలా తొందర లేకుండా నడిచి రావడం మాత్రం నేను మళ్లీ చూడలేదు.