పసుపు పెట్టిన లారీ

తెనాలి నుంచి అంగలకుదురు వెళ్లే రోడ్డులో, ఊరు దాటీ దాటకముందే ఎడమచేతి వైపు మా లారీల దొడ్డి ఉండేది. గేటు మీద యార్డు అని రాయించినా ఊళ్లోవాళ్లూ, మేమూ దొడ్డి అనే అనేవాళ్లం. అంతకుముందు మా తాత అదే స్థలంలో ఎడ్ల బేరం చేశాడు. ఎడ్లను కట్టిన గుంజలు లారీల కాలంలోనూ కొన్ని మిగిలాయి. వాటికి పాత టైర్లు తగిలించేవాళ్లం.

అరవైల్లో ఆ దొడ్డిలోకి మూడు రకాల లారీలు వచ్చేవి. మొదటి రకం మిలిటరీ వేలంలో కొన్నవి. వాటి ముక్కులు పొడుగు, ఇనుము మందం, పెట్రోలు మాత్రం తెగ తాగేవి. రెండో రకం రైసు మిల్లులవాళ్లు వాడి వాడి వదిలించుకున్నవి. ఏ సందులో వేలు పెట్టినా తవుడు రాలేది. మూడో రకం యాక్సిడెంటు బళ్లు. అవి వచ్చిన రోజు మా అమ్మ దొడ్డి వైపు కిటికీ మూసేసేది. సీటు వెనక దువ్వెన, కాలికింద ఒంటి చెప్పు, ఒకసారి సగం తిన్న జంతికల పొట్లం దొరికాయి. అలాంటివి ఏం చెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. బాబాయి వాటిని ఒక రేకు డబ్బాలో పడేసి, డబ్బా నిండితే కాలవలో వదిలి వచ్చేవాడు.

నాన్న బేరం చూసేవాడు. బాబాయి బళ్లు కొనుక్కొచ్చి బాగు చేయించేవాడు. అన్నదమ్ములిద్దరూ రాజీ పడని విషయం లేదు, ఒక్క తాత పద్ధతి తప్ప. దాన్ని నాన్న అక్షరం తప్పకుండా పాటించేవాడు. బాబాయి నవ్వుతూ పాటించేవాడు.

తాత ఎడ్లు అమ్మినప్పుడు బేరం కుదరగానే వాటి నుదుటికి పసుపు పెట్టేవాడు. ఆ తర్వాత వాటి మీద ములుకర్ర పడకూడదు. వాటికి వంక ఉందని ఎవరూ నోటితో అనకూడదు. అమ్మినవాడే స్వయంగా కొన్నవాడి గుమ్మం దాకా తోలుకెళ్లి, పలుపు చేతికివ్వాలి. అప్పుడే అమ్మకం పూర్తయినట్టు. నాన్న ఇదంతా లారీలకు మార్చాడు. బానెట్టుకు పసుపు పెట్టాక ఆ బండికి పానా గానీ సుత్తి గానీ తగలకూడదు. మా ఇంటి మనిషే దాన్ని కొన్నవాళ్ల గుమ్మం దాకా నడపాలి. పలుపు బదులు ఇంజను తిప్పే హ్యాండిల్ చేతికివ్వాలి. రేపల్లె నుంచి బాపట్ల దాకా మా దొడ్డికి మంచి పేరు రావటానికి ఆ పద్ధతే కారణం. ఏ కాగితం మీదా రాసివ్వని హామీని, అమ్మినవాడు స్టీరింగు పట్టుకుని కూర్చుని ఇచ్చేవాడన్నమాట.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చివరి పరీక్షలు రాసి వచ్చేసరికి దొడ్డిలో కొత్తగా రంగు వేసిన ఆకుపచ్చ లారీ ఉంది. నిజానికి అది రెండు లారీలు. ముందు సగం బాపట్ల దగ్గర కాలవలో పడ్డ బండిది. దాని డ్రైవరు బయటికి రాలేకపోయాడు. వెనక సగం, కేబిన్ కాలిపోయిన ఒక మిల్లు లారీది. లారీ పొడవునా కింద రెండు ఉక్కు దూలాలుంటాయి. వాటినే ఛాసిస్ అంటారు. ఇంజను, కేబిను, బాడీ అన్నీ దాని మీదే కూర్చుంటాయి. బాబాయి ఆ రెండు బళ్ల ఛాసిస్‌లనూ కోయించి కేబిన్ వెనక అతికించాడు. అలా అతకటం కొత్తేమీ కాదు. కానీ ఎప్పుడూ రెండు పక్కలా పొడుగాటి పలకలు వేసి, ఎర్రగా కాల్చిన రివెట్లు కొట్టించేవాడు. ఈసారి రివెట్లు కొట్టేవాళ్లు పంటల రోజులని ఊళ్లకు పోయారు. బాబాయి వెల్డింగు చేయించి, పలకలు లేకుండానే రంగు వేయించాడు.

ఇవన్నీ నాకు ఆ రోజుకి తెలియవు. తెలిసేసరికి బానెట్టు మీద పసుపు ఉంది.

కొన్నది రేపల్లె దాటాక ఉన్న ఒక ఊరి రైతు. ముప్పై ఏళ్లుంటాయి, నోరు ఊరుకోని మనిషి. మొదటి ప్రయాణంలో ఇల్లంతా కూర్చోవాలని తల్లినీ, భార్యనీ, తమ్ముళ్లనీ, పిల్లల్నీ రైల్లో తెనాలి తీసుకొచ్చాడు. ఆ తల్లి నాన్నను తమ్ముడూ అని పిలిచింది. దాంతో కొడుకు మావయ్యగారూ అన్నాడు, నాన్న అల్లుడూ అన్నాడు. పది నిమిషాల్లో చుట్టరికం కుదిరిపోయింది. వాళ్లు గేదెలకని కొన్న తెలగపిండి బస్తాలు లారీలోకి ఎక్కుతున్నాయి.

నేను బండి కిందకి దూరింది ఒక కుక్కపిల్లను తోలటానికి. పైకి చూస్తే అతుకు దగ్గర ఆకుపచ్చ రంగులో వెంట్రుక లాంటి గీత కనబడింది. రంగు పగిలిందా, ఇనుము పగిలిందా అన్నది తేల్చటానికి కాలేజీలో నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. అక్కడ కిరసనాయిలు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి అద్దాలి. పగులు ఉంటే లోపలికి పోయిన కిరసనాయిలు తిరిగి పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద చారలాగా కనబడుతుంది. పానా తగలనక్కర్లేదు గనక చేశాను. చార వచ్చింది. దూలం అడుగు అంచంతా దాటి, దాని నిలువు పక్క మీదకి సగం దాకా ఎక్కింది.

బాబాయిని పిలిచాను. వంగి చూసి వెంటనే లేచాడు.

"పసుపు పెట్టకముందు ఏడవాల్సింది గదరా."

"పెట్టకముందు నేను రైల్లో ఉన్నాను బాబాయ్."

"ఖాళీ బండే గదా. మెల్లగా పోతే ఏమవదు. రేపు వాళ్లూరెళ్లి నేనే పలకలేస్తాలే."

"ఖాళీ ఎక్కడ? పైన బస్తాలున్నాయి, మనుషులున్నారు."

నాన్న అప్పటికే మా వెనక నిలబడి ఉన్నాడు. ఆయన కిందకి దూరలేదు. నా చేతికంటిన సుద్దను చూశాడు, నా ముఖం చూశాడు. "ఎంత దాకా?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. పంచె ఎగ్గట్టుకుని ఆ తల్లి దగ్గరికి వెళ్లాడు.

"అక్కయ్యగారూ, ఎండగా ఉంది. మీరంతా హాయిగా రైల్లో వెళ్లండి. మేం బండి తెస్తాం."

"ఇదేంటి తమ్ముడూ! బండి కొని రైల్లో పోతారా ఎవరన్నా? ఊళ్లో వాళ్లు నవ్వరూ?"

"చిన్నపిల్లలు గదా అని."

"చిన్నపిల్లలకేగా సరదా. నువ్వు తోల్తున్నావుగా, ఇంక భయమేంటి?"

పసుపు పెట్టాక వంక ఉందని అనటానికి నాన్నకు నోరు రాదు. ఆయన్ని నమ్మి వాళ్లు ఎక్కుతున్నారు. నేను ఆయన్ని పక్కకు లాగి, మధ్యలో వేసిన బస్తాలన్నీ వెనక చక్రాల మీదకి జరిపితే అతుకు మీద బరువు తగ్గుతుందన్నాను. జరిపించాడు.

"బస్తాలు వెనక్కెందుకండీ మావయ్యగారూ? మేమెప్పుడూ మధ్యలోనే వేస్తాం" అన్నాడు రైతు.

"మీ అమ్మగారికి బాసింపట్టు వేసుకుని కూర్చునే చోటుండొద్దూ?"

"అబ్బో, అక్కగారి మీద ఎంత ప్రేమో!" అని అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

నాన్న కేబిన్లో రైతును కూర్చోబెట్టుకున్నాడు. నన్ను పైన, బాడీ ముందు పలక దగ్గర నిలబడమన్నాడు. ఎందుకో చెప్పనక్కర్లేదు. కేబిన్ వెనక రేకుకీ బాడీ ముందు పలకకీ మధ్య ఒక సందు ఉంటుంది. అతుకు సరిగ్గా దాని కిందే ఉంది. ఛాసిస్ నడుం కిందకి జారితే, పైన ఆ రెండూ ఒకదాని వైపు ఒకటి వాలతాయి. బయల్దేరేటప్పుడు ఆ సందులో నా నాలుగు వేళ్లు పట్టాయి.

జంపని దాకా ఏమీ కాలేదు. చెరకు బళ్లు అడ్డం వచ్చినప్పుడల్లా నాన్న బ్రేకు మీద కాలు ఆనీ ఆనకుండా ఆపేవాడు. కేబిన్లోంచి రైతు గొంతు వినబడుతూనే ఉంది. "ఎద్దులు కూడా మనల్ని దాటిపోతున్నాయండీ. మీ నాన్నగారి కాలంలో ఇంతకంటే జోరుగా తోలేవాళ్లేమో!" బండి జోరు పెరగలేదు. వేమూరు దాటాక నా చిటికెన వేలు పట్టలేదు. పక్కనే కాలవ, నిండుగా ఉంది. పిల్లల్లో పెద్దవాడు గాలి కోసం వచ్చి ఆ సందులో చెయ్యి పెట్టి కేబిన్ రేకు పట్టుకున్నాడు. చెయ్యి తియ్యమన్నాను.

"ఎందుకు మావా?"

"రేకు కాలుతుంది."

వాడు ఇంకోసారి పట్టుకుని చూసి, కాలట్లేదే అన్నాడు. నేను వాడి మణికట్టు పట్టుకుని లాగి, వాళ్ల నాయనమ్మ దగ్గర కూర్చోబెట్టాను. ఆమె నా వైపు వింతగా చూసింది. భట్టిప్రోలు దగ్గర ఒక గుంటలో ముందు చక్రం దిగి లేచినప్పుడు కింద టప్‌మని చప్పుడైంది. చాలా చిన్న చప్పుడు. పైనున్న వాళ్లెవరూ మాట ఆపలేదు. కేబిన్లో రైతు కూడా ఆపలేదు. నాన్న ఒక్కడూ ఇంకా నిదానమయ్యాడు. ఆ తర్వాత సందులో రెండు వేళ్లే పట్టాయి. అందరినీ దింపెయ్యమని అరవాలని నోటి దాకా వచ్చింది. అరిస్తే నాన్న ఆపుతాడు. దిగినవాళ్లు ఎందుకని అడుగుతారు. ఆయన ఇన్నేళ్ల మాట అక్కడితో అయిపోతుంది. అరవకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. పిల్లల్ని వెనక బస్తాల మీదకి తోలి, ఆ కాలవ గట్టు అయిపోయేదాకా సందులోంచి వేళ్లు తియ్యలేదు.

రేపల్లె దాటి, వాళ్ల గుమ్మం ముందు బండి ఆగింది. నాన్న ఇంజను ఆపలేదు. "ముందు మనుషులు దిగండి. బస్తాలు దించుకోండి" అన్నాడు. మనుషులు దిగారు. బస్తాలు దిగాయి. నేనూ దిగాను. వీధి జనం చేరారు. ఆ తల్లి లోపలికి వెళ్లి హారతి పళ్లెంతో వచ్చింది. రైతు కేబిన్ దగ్గరికొచ్చి హ్యాండిల్ కోసం చెయ్యి చాచాడు.

నాన్న సీటు మీంచి కదల్లేదు.

"ఈ బండి ఇవ్వట్లేదు అల్లుడూ."

"వేళాకోళమా మావయ్యా? దిగండి, భోజనాలు చల్లారిపోతాయి."

"నిజమే చెప్తున్నా. హ్యాండిల్ నీ చేతికి రాలేదు గనక బండి ఇంకా నాదే. నువ్విచ్చింది రేపు మా వాడు తెచ్చిస్తాడు."

రైతు ముఖం ఎర్రబడింది. "ఎవడో ఎక్కువిస్తానన్నాడు. అంతేగా? దారంతా నత్తలాగా తోలింది ఇందుకా? ఆలోచించుకోటానికా?"

"అలాగే అనుకో."

"అనుకోటమేంటి! ఊరంతా చూస్తోందిక్కడ!"

నేను నోరు తెరిచాను. నాన్న నా వైపు ఒక్క చూపు చూశాడు, మూసుకున్నాను. ఆ తల్లి హారతి పళ్లెం అలాగే పట్టుకుని ఉంది. "పసుపు పెట్టిన బండిని గుమ్మంలోంచి తిప్పుకెళ్తావా తమ్ముడూ?" అంది. గొంతు పెంచలేదు. "మంచిది కాదు. నీక్కూడా మంచిది కాదు." కర్పూరం మంటను పమిట చెంగుతో ఆర్పేసి లోపలికి పోయింది.

తిరుగు ప్రయాణంలో నేను పైకి ఎక్కబోతే నాన్న పక్కన కూర్చోమన్నాడు. నా వైపు తలుపు మూశాక మళ్లీ తెరుచుకోలేదు. చట్రం బిగుసుకుపోయింది. ఆయన వైపూ అంతే. బాపట్ల కాలవలో మనిషి బయటికి రాలేకపోయిన కేబిన్ అదే. ఇద్దరికీ తెలుసు. అద్దాలు పూర్తిగా దించుకుని కూర్చున్నాం. నాన్న కాలవ వైపు అంచు వదిలి రోడ్డు నడిమధ్య పోతున్నాడు. ఎదురొచ్చేవాళ్లు తిట్టి తప్పుకుంటున్నారు.

వేమూరు దాటి జంపని వస్తుండగా ఒక తూము మీద బండి ఎక్కింది, దిగలేదు. నడుం విరిగి అక్కడే కూలబడింది. ఇంజను నుంచి వెనక ఇరుసును తిప్పే షాఫ్టు తారు రోడ్డును గీరుతూ చక్రాలకు అడ్డం పడింది. కేబిన్ వెనక్కి వాలిపోయి ఎదుట ఆకాశం కనబడింది. కిటికీల్లోంచి దూకాం. చెరకు బళ్లవాళ్లు ఆగి, ఒకాయన వంగి చూశాడు. "పైన జనం లేరు గదండీ? అదృష్టమండీ" అన్నాడు. నాన్న వెళ్లి తూము గోడ మీద కూర్చున్నాడు.

సంగతి తెలిసి రైతు వారం తిరక్కుండానే దొడ్డికి వచ్చాడు. విరిగిన చోట చెయ్యి పెట్టి చూశాడు. పాత పగులు తుప్పుతో నల్లగా, కొత్తగా తెగినది తెల్లగా ఉన్నాయి.

"చెప్పచ్చుగా మావయ్యా."

"చెప్పకూడదు గదా" అన్నాడు నాన్న. తర్వాత, "ఇంక చెప్తాను" అన్నాడు.

ఆ రోజు నుంచి మా దొడ్డిలో పద్ధతి మారింది. పసుపు పెట్టకముందే, కొనేవాడి కళ్ల ముందే, ప్రతి బండి కిందా నేను కిరసనాయిలు పూసి సుద్ద అద్దాలి. పాత లారీ అన్నాక ఎక్కడో ఒక చార వస్తుంది. వచ్చిన చారల్లో చాలావరకు ప్రమాదం లేనివే. ఏది ఎలాంటిదో నేను వివరంగా చెప్పేవాణ్ణి. కొనేవాళ్లు నా వివరం వినేవాళ్లు కాదు, చార వైపే చూసేవాళ్లు. దొడ్డిలో బళ్లన్నీ పగిలినవేనట అన్న మాట పాకింది. బాబాయి కొన్నాళ్లు పోట్లాడి, వేరుపడి వెళ్లిపోయాడు. రేపల్లె రైతుకు కూడా మూడు బళ్లు చూపించాం. మూడింటికీ చారలు వచ్చాయి. నమస్కారం పెట్టి, ఆలోచించుకుని వస్తానన్నాడు.

తర్వాత అతను బాపట్లలో ఒకరి దగ్గర కొన్నాడు. అక్కడ సుద్ద అద్దరు. ఆ ఏడు కోతల కాలంలో ఒక సాయంత్రం ఆ లారీ ధాన్యం బస్తాలతో మా గేటు ముందు నుంచి పోయింది. బస్తాల మీద పిల్లలు, వాళ్ల మధ్య ఆ తల్లి. రైతు కేబిన్లోంచి తల బయటపెట్టి, కోపమేమీ లేకుండా, "బాగున్నారా మావయ్యా!" అని అరిచాడు. ఆమె కూడా చెయ్యి ఊపింది. నాన్న చెయ్యెత్తి, మోకాళ్ల మీద చేతులాన్చి వంగి, బండి మలుపు తిరిగేదాకా దాని అడుగు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"కింద ఎవరన్నా చూసుంటారంటావా?" అని అడిగాడు.

తెలియదన్నాను.